ఫార్మాట్ కొట్టడం మెయింటెనెన్స్ కాదు

మా గోదావరిఖనిలో ఎవరింట్లో కంప్యూటర్ స్లో అయినా మూడు సలహాలు రెడీగా ఉంటాయి. ఒకటి, "టెంప్ ఫైల్స్ డిలీట్ చెయ్." రెండు, "ఫార్మాట్ కొట్టించు." మూడు, "పాతదైపోయింది, కొత్తది తీస్కో." సీఎస్‌ఈ చదువుతున్న మనం కూడా ఇవే చెప్తున్నాం. కానీ అసలు మొదట చేయాల్సిన పనులు రెండు ఈ లిస్టులో లేనే లేవు. ఫైల్స్ ఇంకోచోట కాపీ చేసి పెట్టుకోవడం, క్యాబినెట్ మూత తీసి దుమ్ము చూడటం. ఈ రెండూ చేయకుండా ఇచ్చే ఏ సలహా అయినా సగం సలహానే అని నా అభిప్రాయం.

మా ఊరి ఇళ్లలో మెయింటెనెన్స్ అనే మాట కొత్తదేం కాదు. అండర్‌గ్రౌండ్ బాయిలో కార్మికులు పని మొదలుపెట్టకముందే మైనింగ్ సర్దార్ ఆ చోటికి పోయి పైకప్పు ఎట్లుంది, గ్యాస్ ఉందా అని చూస్తాడు. బొగ్గు ధూళి అంటుకుని పేలకుండా దారుల్లో సున్నపురాయి పొడి చల్లుతారు. ఓపెన్‌కాస్ట్‌లో డంపర్లు తిరిగే రోడ్లను ట్యాంకర్లతో తడుపుతుంటారు. ఇవన్నీ ఏదైనా పాడవకముందే చేసే పనులు. ఇట్లాంటి పని చేసొచ్చే మనుషులున్న ఇంట్లో కంప్యూటర్‌ను మాత్రం ఆగిపోయేదాకా ఎవరూ పట్టించుకోరు. అందులో వాళ్ల తప్పేం లేదు. కంప్యూటర్‌కి కూడా అట్లాంటి చెకింగ్ ఒకటుంటుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మనమే.

ముందు దుమ్ము సంగతి. ఒక దిక్కు సింగరేణి ఓపెన్‌కాస్ట్ గనులు, ఇంకో దిక్కు 2600 మెగావాట్ల ఎన్టీపీసీ రామగుండం, మధ్యలో బొగ్గు లారీలు. పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రం వేలు పెడితే నల్లగా అంటుతుంది. అదే గాలిని సీపీయూ ఫ్యాన్ రోజంతా లోపలికి లాగుతుంది. హీట్‌సింక్ రేకుల మధ్య దుమ్ము పేరుకుంటే వేడి బయటికి పోదు. అప్పుడు ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి స్పీడ్ తగ్గించుకుంటుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. దానికి తోడు మేలో 45 డిగ్రీలు దాటే ఎండ. డిసెంబర్‌లో బాగానే నడిచిన కంప్యూటర్ మేలో ఈడుస్తోందంటే వైరస్ అనుకునే ముందు టెంపరేచర్ చూడాలి. హెచ్‌డబ్ల్యూ ఇన్ఫో లాంటి ఫ్రీ టూల్ చాలు. విండోస్‌ను ఎన్నిసార్లు మళ్లీ ఎక్కించినా ఆ దుమ్ము అక్కడే ఉంటుంది.

డెస్క్‌టాప్ అయితే ఈ క్లీనింగ్ అరగంట పని. షట్‌డౌన్ చేసి ప్లగ్ తీసేయాలి. క్యాబినెట్‌ను వరండాలోకి తేవాలి. ఫ్యాన్ రెక్క తిరగకుండా వేలితో పట్టుకుని, పొడి బ్రష్‌తో, చిన్న బ్లోయర్‌తో దుమ్ము కొట్టాలి. తడి గుడ్డ వాడొద్దు. పవర్ సప్లై డబ్బా విప్పొద్దు, ప్లగ్ తీసినా లోపల కరెంట్ నిల్వ ఉండొచ్చు.

ఇక డిస్క్. రన్‌లో టెంప్, ప్రీఫెచ్ అని కొట్టి, అన్నీ సెలెక్ట్ చేసి షిఫ్ట్ డిలీట్ నొక్కడం మనందరికీ వచ్చిన విద్యే. టెంప్ వరకు ఓకే, జాగా కొంచెం దొరుకుతుంది. ప్రీఫెచ్ మాత్రం ప్రోగ్రామ్స్ త్వరగా ఓపెన్ అవ్వడానికి విండోస్ రాసుకునే నోట్స్. దాన్ని చెరిపితే స్పీడ్ పెరగదు, విండోస్ మళ్లీ మొదటినుంచి రాసుకుంటుంది. డిస్క్ నిజంగా నిండిపోతే ఏది నింపిందో ముందు చూడాలి. విజ్‌ట్రీ, విన్‌డర్‌స్టాట్ లాంటి ఫ్రీ టూల్స్ ఏ ఫోల్డర్ ఎంత తిన్నదో చూపిస్తాయి. చాలా ఇళ్లలో అసలు బరువు ఫోన్ నుంచి మూడుసార్లు కాపీ చేసిన ఒకే వీడియోలు, పాత సినిమాలు, వాట్సాప్ గుడ్ మార్నింగ్ బొమ్మలు. విండోస్ సెట్టింగ్స్‌లోని స్టోరేజ్ సెన్స్‌తో రీసైకిల్ బిన్, టెంప్, పాత అప్‌డేట్ ఫైల్స్ తీసేయొచ్చు. డౌన్‌లోడ్స్ అనే దగ్గర టిక్ పెట్టేముందు మాత్రం ఆ ఫోల్డర్ తెరిచి చూడండి. హాల్ టికెట్లు, నాన్న పీఎఫ్ కాగితాలు అందులోనే ఉంటాయి.

పాత హార్డ్ డిస్క్‌కి డీఫ్రాగ్ పనికొస్తుంది. ఎస్‌ఎస్‌డీకి అది అక్కర్లేదు, ట్రిమ్ చాలు. రెండింటినీ విండోస్ తనే షెడ్యూల్ ప్రకారం చూసుకుంటుంది. ఒక్క క్లిక్‌తో అంతా క్లీన్ అనే సాఫ్ట్‌వేర్లు మన అమ్మానాన్నల కంప్యూటర్లలో అక్కర్లేదు. 2017లో సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకే హ్యాకర్లు మాల్‌వేర్ చొప్పించారు. అది 20 లక్షలకు పైగా కంప్యూటర్లలోకి వెళ్లింది.

ఇప్పుడు అసలు విషయం. ఫార్మాట్ అంటే నాకెందుకంత పట్టింపు? మా కాలనీలో ఒక రిటైర్డ్ పెద్దాయన కంప్యూటర్ స్లో ఉందని రిపేర్‌కి ఇచ్చాడు. ఫార్మాట్ చేసి ఇచ్చారు. ఫాస్ట్ అయింది కూడా. కానీ ఆయన భార్య ఫొటోల ఫోల్డర్ డెస్క్‌టాప్ మీద ఉండేది. ఆమె పోయి రెండేళ్లయింది. ఫ్రేమ్ కట్టించిన ఒక్క ఫొటో తప్ప ఆ ఇంట్లో ఇప్పుడు ఇంకేం లేవు. "సీ డ్రైవ్ ఒక్కటే ఫార్మాట్ చేశాం" అని వాళ్లన్నారు. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయని ఆయనకు ఎవరు చెప్పాలి?

క్విక్ ఫార్మాట్ చేస్తే ఫైల్స్ జాబితా పోతుంది. హార్డ్ డిస్క్‌లో డేటా కొంతకాలం అట్లనే ఉంటుంది, వెంటనే కంప్యూటర్ ఆపేస్తే తిరిగి రాబట్టే అవకాశం ఉంది. కానీ దానిమీదే విండోస్, ఆఫీస్, సినిమాలు ఎక్కిస్తే ఆ జాగాలో కొత్త డేటా కూర్చుంటుంది. ఎస్‌ఎస్‌డీలో అయితే ట్రిమ్ వల్ల ఆ కాస్త అవకాశం కూడా మిగలడం కష్టం. అందుకే కాపీ ముందు, క్లీనింగ్ తర్వాత. మనం ఎంత జాగ్రత్తగా ఉన్నా కాపీ కావాలి. 2018 అక్టోబర్‌లో మైక్రోసాఫ్ట్ వదిలిన విండోస్ 10 అప్‌డేట్ కొందరి డాక్యుమెంట్లు, ఫొటోలు డిలీట్ చేసింది. కంపెనీ దాన్ని ఆపి, సరిచేసి, నవంబర్‌లో మళ్లీ వదిలింది. కాపీ ఉన్నవాళ్లు బతికిపోయారు. ఒక ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒకటి, ముఖ్యమైనవి గూగుల్ ఇచ్చే 15 జీబీలో ఇంకొకటి పెట్టుకుంటే చాలు.

మూడో సలహా, కొత్తది కొనడం. దసరా ముందు లాభాల వాటా, దీపావళికి బోనస్ పడ్డప్పుడు మా దగ్గర ఈ మాట బాగా వినిపిస్తుంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి ఇప్పుడు ఇంకా ఎక్కువైంది. కొనేముందు రెండు చూడండి. లోపల ఇంకా పాత హార్డ్ డిస్కే ఉంటే, ఎస్‌ఎస్‌డీ వేస్తే చాలా కంప్యూటర్లు కొత్తవాటిలా నడుస్తాయి. విండోస్ 11 ఎక్కని మిషన్ అయినా, బ్రౌజర్, వీడియోలు, చెల్లెలి ఆన్‌లైన్ క్లాసుల వరకే అయితే లినక్స్ మింట్ బాగా నడుస్తుంది. ఆ డబ్బు ఒకరు నైట్ షిఫ్టులు చేసి సంపాదించింది. మనకు స్క్రూడ్రైవర్ పట్టుకోవడం బద్ధకమని దాన్ని ఖర్చు పెట్టించడం న్యాయం కాదు.

"మేం కోడింగ్ నేర్చుకుంటున్నాం, రిపేర్ మా సబ్జెక్ట్ కాదు" అని కొందరు ఫ్రెండ్స్ అంటారు. ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్‌లో ఫైల్ సిస్టమ్ గురించి 10 మార్కుల ఆన్సర్ రాస్తాం కదా. పక్కింటి పెద్దమ్మ ఫొటోలు ఏ డ్రైవ్‌లో ఉన్నాయో చూసి చెప్పడం అంతకన్నా కష్టమా?

ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఒక పూట దీనికి పెట్టండి. ముందు కాపీ తీయండి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో డిస్క్ హెల్త్ చూడండి, కాషన్ అని పసుపు రంగు కనిపిస్తే మిగతా పనులు ఆపి డిస్క్ మార్పించండి. తర్వాత దుమ్ము, ఆ తర్వాత అనవసరమైన ఫైల్స్. అయిపోయాక గోడమీది క్యాలెండర్‌లో ప్రతి నెలా మొదటి ఆదివారం దగ్గర "కాపీ" అని, మూడు నెలలకోసారి "దుమ్ము" అని తెలుగులో రాసి రండి. తర్వాత నెల అమ్మకి ఫోన్ చేసి గుర్తుచేస్తే సరిపోతుంది.