షాకులకు మోటారు సరే... ప్లేటు ఏదీ?

సీట్లో కూర్చుని మీట నొక్కితే కారు మెత్తబడుతుంది. ఇంకోసారి నొక్కితే గట్టిపడుతుంది. ఒకప్పుడు ఖరీదైన కార్లకే పరిమితమైన ఈ సదుపాయాన్ని ఇప్పుడు పాత జపాన్ కారుకు కూడా విడిగా కొని బిగించుకోవచ్చు. న్యూజిలాండ్ రాజధాని వెల్లింగ్టన్‌ను ఆనుకుని ఉన్న లోవర్ హట్‌లో ఉద్యోగం దొరికి, వీసా గండం గడిచి, చేతిలో నాలుగు డాలర్లు మిగలడం మొదలైన కుర్రాడికి ఇలాంటి కిట్టు మీద మనసు పోవడం సహజమే. ముచ్చట తప్పు కాదు. ఆ మోటారు దేని మీద కూర్చుంటుందో, అక్కడి చట్టం దాన్ని ఏమంటుందో తెలుసుకోకుండా డబ్బు పెడితేనే చిక్కు.

కార్లు లోవర్ హట్‌కు కొత్త కాదు. అక్కడి పెటోనీలో జనరల్ మోటార్స్ 1926లోనే కార్లు బిగించే ఫ్యాక్టరీ పెట్టింది. 1936లో ఫోర్డ్ వాళ్లు పక్కనే సీవ్యూలో పెట్టారు. ఆ ఫ్యాక్టరీలన్నీ చరిత్రలో కలిసిపోయాయి. 1998తో దేశం మొత్తంలోనే కార్ల బిగింపు ఆగిపోయింది. అంతకు పదేళ్ల ముందు నుంచే జపాన్‌లో వాడేసిన కార్లు ఓడల్లో దిగడం మొదలైంది. ఈరోజు మనవాళ్లు కొంటున్న మొదటి కారు చాలావరకు అలా వచ్చిందే. వాటిలో కొన్నింటికి ఎలక్ట్రానిక్ షాకబ్జార్బర్లు కంపెనీ నుంచే వచ్చి ఉంటాయి. టయోటా 1983లోనే సోరర్ కారులో ఈ పద్ధతి తెచ్చింది. కాబట్టి మీట నొక్కి షాకులు మార్చడం నిన్నమొన్నటి మాయ కాదు. బయటి కిట్టుతో ఏ కారుకైనా పెట్టుకునే వీలు రావడమే కొత్త.

లోవర్ హట్ రోడ్లు చూస్తే ఈ కోరిక ఎందుకు పుడుతుందో అర్థమవుతుంది. లోయ అడుగంతా బల్లపరుపు. వైనుయోమాటాలో ఇల్లు తీసుకున్నవాడు మాత్రం డ్యూటీకి రోజూ కొండెక్కి దిగాల్సిందే. వారాంతంలో వైరరాపా వైపు వెళ్తే రెముటాకా కొండ 555 మీటర్ల ఎత్తున మెలికలు తిరిగి ఉంటుంది. దానికి తోడు దక్షిణం నుంచి కొట్టే గాలి, వాన. మలుపులో కారు ఒరగకుండా గట్టిగా ఉండాలి. ఊరి నుంచి విజిట్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నలు వెనక సీట్లో కూర్చుంటే మెత్తగా ఉండాలి. ఈ రెండూ ఒకే కారులో కావాలంటే కిట్టు నిజంగానే పనికొస్తుంది, కాదనలేం.

అసలు లోపల జరిగేది ఏమిటి? గుంతలో చక్రం పడగానే స్ప్రింగు నొక్కుకుని మళ్లీ సాగుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే కారు పడవలా ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును అణిచేది షాకబ్జార్బరు. దానిలోని నూనె సన్నని రంధ్రాల గుండా దూరుతుంది, ఊపులోని శక్తి వేడిగా మారి గాలిలో కలుస్తుంది. రంధ్రం సన్నబడితే కారు బిగుసుకుంటుంది, పెద్దదైతే మెత్తబడుతుంది. ఈ సర్దుబాటుకు షాకు కొసన చిన్న మర ఉంటుంది. మామూలుగా అయితే బోనెట్ ఎత్తి, డిక్కీలో చేయిపెట్టి ఆ మరను చేత్తో తిప్పాలి. యొకొహామాకు చెందిన టెయిన్ కంపెనీ అమ్మే ఈడీఎఫ్‌సీ వంటి కిట్లలో ఆ చేతి పనిని నాలుగు చిన్న మోటార్లు చేస్తాయి. డాష్‌బోర్డు దగ్గర కంట్రోలరు ఉంటుంది. తర్వాత వచ్చిన మోడళ్లు కారు వేగాన్ని, బ్రేకు వేసినప్పుడూ మలుపు తిరిగినప్పుడూ పడే ఊపును గమనించి వాటంతట అవే తిప్పుకుంటాయి. అయితే 2002లో కాడిలాక్ సెవిల్ ఎస్‌టీఎస్‌లో వచ్చిన మాగ్నెరైడ్‌తో దీన్ని పోల్చకూడదు. అక్కడ అయస్కాంత శక్తితో నూనె చిక్కదనమే క్షణంలో మారిపోతుంది. ఇక్కడ తిరిగేది మర మాత్రమే.

అందుకే అమ్మేవాళ్లు గట్టిగా చెప్పని ఒక మాట మనం చెప్పుకోవాలి. మోటారు మరను తిప్పుతుందే గానీ, అరిగిన బుష్‌లను, వదులైన బాల్ జాయింట్లను, గుండయిపోయిన టైర్లను బాగుచేయదు. పదిహేనేళ్ల కారుకు ముందు వాటిని మార్పించకుండా కిట్టు పెడితే పైన పటారం లోన లొటారమే. ఇంకో అపోహ కూడా ఉంది. ఎంత గట్టిగా పెడితే అంత బాగా రోడ్డును పట్టుకుంటుందని కుర్రాళ్ల నమ్మకం. ఎగుడుదిగుడు రోడ్డు మీద షాకు మరీ బిగిస్తే చక్రం రోడ్డును అంటిపెట్టుకోలేక ఎగిరెగిరి పడుతుంది. తడి మలుపులో అలా ఎగిరే చక్రానికి పట్టు ఎక్కడిది? న్యూజిలాండ్ వాడైన క్రిస్ ఏమన్ ఫార్ములా వన్ డ్రైవరు, 1966లో లె మాన్ రేసు గెలిచినవాడు. 1980లలో అక్కడి టయోటా కంపెనీ ఆయన్ను పిలిచి తమ కార్ల సస్పెన్షన్‌ను ఆ దేశపు రోడ్లకు తగ్గట్టు సరిచేయించుకుంది. రేసు డ్రైవరు స్థాయి మనిషి కూర్చుని కుదర్చాల్సిన పని అది. మన చేతిలో మీట ఉన్నంత మాత్రాన ఆ నేర్పు రాదు.

ఇక అసలు చిక్కు. చట్టం కన్ను ముఖ్యంగా పడేది మోటారు మీద కాదు, దాని కింద ఉన్నదాని మీద. ఈ కిట్లు మామూలు షాకుల మీద కూర్చోవు. సర్దుబాటు మర ఉన్న షాకులు కావాలి. అలాంటివి ఎక్కువగా కాయిలోవర్ల రూపంలోనే దొరుకుతాయి. వాటిలో స్ప్రింగు కూర్చునే పీట కూడా మరల మీద పైకీ కిందికీ జరుగుతుంది. న్యూజిలాండ్‌లో అలా జరిగే పీట ఉన్న సస్పెన్షన్ బిగిస్తే లో వాల్యూమ్ వెహికిల్ సర్టిఫికెట్, అంటే ఎల్‌వీవీ సర్టు, తీసుకుని తీరాలి. ఎత్తు తగ్గించలేదండీ, పీట ముట్టుకోలేదండీ అంటే కుదరదు. ప్రభుత్వ రవాణా సంస్థ నియమించిన సర్టిఫయర్ వచ్చి స్ప్రింగులు, బోల్టులు, నేలకు కారుకు మధ్య ఎడం చూసి ఆమోదిస్తేనే ఆ మార్పులు రాసిన చిన్న లోహపు ప్లేటు కారుకు బిగిస్తారు. ఆ ప్లేటు లేకపోతే వారెంట్ ఆఫ్ ఫిట్‌నెస్, అక్కడి వాడుకలో 'వోఫ్', రాదు. వోఫ్ చూసే గ్యారేజీ మెకానిక్ ఎంత తెలిసినవాడైనా ఆ మార్పును తానుగా ఆమోదించలేడు.

మన దేశంలో పద్ధతి వేరు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చొద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. అయినా హైదరాబాద్‌లోనో విజయవాడలోనో సైలెన్సర్ మార్చినవాడు పట్టుబడితే చలానా కట్టి పోతాడు. ఆ అలవాటుతో విదేశానికి వెళ్లినవాడికి 'మార్చుకో, కానీ చూపించి ముద్ర వేయించుకో' అనే పద్ధతి ఉదారంగా కనిపిస్తుంది. నిజానికి ఉదారమే. కాకపోతే ముద్ర వేయించుకోనివాడి పట్ల అది కఠినం.

ఆ కాఠిన్యం తెలిసేది ప్రమాదం జరిగినప్పుడు. న్యూజిలాండ్‌లో మనిషికి గాయమైతే ఏసీసీ పథకం చూసుకుంటుంది. తప్పెవరిదన్న ప్రశ్న రాదు. బండికి జరిగిన నష్టం మాత్రం ఏసీసీ పరిధిలోకి రాదు. పైగా మన దేశంలోలాగా థర్డ్ పార్టీ బీమా అక్కడ తప్పనిసరి కాదు. స్వచ్ఛందంగా బీమా తీసుకున్నవాడు కూడా కాయిలోవర్ల సంగతి కంపెనీకి చెప్పకపోతే, క్లెయిం దగ్గర పేచీ రావచ్చు, తిరస్కరించనూ వచ్చు. అప్పుడు ఎదుటివాడి కొత్త కారు బాగుచేయించే డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? చెల్లెలి పెళ్లికనో, ఊళ్లో ఇంటి అప్పుకనో దాచిన డబ్బులోంచే. కిట్టు, కాయిలోవర్లు కలిపి వేల డాలర్లు. సర్టుకయ్యేది అందులో చిన్న భాగం. ఆ చిన్న భాగం దగ్గర పీనాసితనం చేయడం కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు.

కిట్టు కొనేవాడి కంటే మాకు ఎక్కువ దిగులు కలిగించేది తెలియక అలాంటి కారు కొనేవాడి సంగతి. కొత్తగా దిగినవాడు నెల తిరక్కుండానే తెలిసినవాళ్ల ద్వారా సెకండ్ హ్యాండ్ కారు కొంటాడు. కిందికి దిగి చూడడు. కారు షోకుగా ఉంది, మీట కూడా ఉంది, 'వోఫ్ ఉంది బ్రదర్' అంటే సంబరపడతాడు. పాత షాకులతో వోఫ్ చేయించి, తర్వాత కాయిలోవర్లు ఎక్కించిన కారు కాదని నమ్మకమేమిటి? తర్వాతి వోఫ్‌లో ఫెయిలైతే ఆ ఖర్చు అప్పటి యజమానిదే. డీలరు దగ్గర కొంటే 1993 నాటి వినియోగదారుల హామీ చట్టం అండ ఉంటుంది. విడిగా ఒక మనిషి దగ్గర కొంటే ఆ చట్టం వర్తించదు. మన తెలుగువాడే కదా అని రాతకోతలు లేకుండా డబ్బిచ్చేస్తే అంతే సంగతులు. డబ్బు చేతులు మారకముందే బోనెట్ ఎత్తి ప్లేటు ఉందో లేదో చూడాలి. దాని మీద రాసిన స్ప్రింగులు, షాకులే కారుకు ఉన్నాయో లేదో తెలిసిన మెకానిక్ చేత కొనేముందే చూపించుకోవాలి.

బిగించుకోవాలనే అనుకుంటే కొనడానికి ముందే సర్టిఫయర్‌తో మాట్లాడడం మేలు. ఏ కాయిలోవర్లకు ఆమోదం వస్తుందో, దేనికి రాదో ఆయనే చెప్తాడు. బిగించాక వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. మోటార్ల వైర్లు స్టీరింగ్‌కు, చక్రానికి ఒరుసుకోకుండా కట్టించాలి. పెటోనీ ఒడ్డున ఉప్పుగాలికి పీట మరలు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి కనుక ఏడాదికోసారైనా కడిగించాలి. బీమా కంపెనీకి మెయిల్ పెట్టి, వాళ్ల జవాబు దాచుకోవాలి.

లోవర్ హట్‌లో, ఆ చుట్టుపక్కల తెలుగు సంఘాలు ఉగాదికి, సంక్రాంతికి హాలు తీసుకుంటాయి. అందులో ఒక అరగంట ఒక సర్టిఫయర్‌నో, వోఫ్ మెకానిక్‌నో పిలిచి మాట్లాడిస్తే కొత్తగా వచ్చినవాళ్లకు ఎంతో మేలు. కిట్లు అమ్మే షాపులవాళ్లు కూడా ఈ కారుకు సర్టు కావాలా వద్దా అన్నది బిల్లు మీదే రాసివ్వాలి. వాళ్లు రాయకపోతే కొనేవాడే అడిగి రాయించుకోవాలి.