ముఖము స్పష్టముగా పడవలెనన్న

జైనూరు మండలమందలి మార్లవాయి గ్రామమున 1940 దశకమున హైమన్‌డార్ఫ్ దంపతులు ఇల్లు కట్టుకొని రాజగోండుల నడుమ నివసించిరి. భార్య బెట్టీ 1987లో గతింపగా ఆమె సమాధియు నచ్చటనే వెలసినది. ఆ మానవశాస్త్రజ్ఞుడు తీసిన గోండుల ఛాయాచిత్రములు నేడు లండనులోని సోయాస్ విద్యాసంస్థయందు భద్రముగా నున్నవి. నాటి కెమెరాతో తీయువారు ఎదుటి మనిషి యెంత దూరమున నున్నదో గ్రహించి, కటకపు వలయమును చేతితో త్రిప్పి సరిచేసికొనవలసి యుండెను.

నేడా పనిని సెల్‌ఫోను తానే చేయును. అయినను ఎన్ని యిండ్లలో అవ్వ పటము మసకగా నున్నది! ఆమె వెనుకనున్న తడిక బద్దలను మాత్రము లెక్కింపవచ్చును. యంత్రము ఒక్కొక్కప్పుడు అవ్వను విడిచి తడికనే పట్టుకొనును గదా! అవ్వ దాటిపోయిన పిదప మరల తీయుద మన్నను వీలుపడదు. కావున తెరపై ఆమె కంటిని వ్రేలితో తాకి చూపుడు. ముఖము ప్రక్కకు తిరిగియున్నచో మనకు దగ్గరి కన్నే ముఖ్యము. కన్ను తేటగా నున్నయెడల చెవి కొంచెము మసకబారినను ఎవరును తప్పుపట్టరు. తాకిన పిమ్మట మీరుగాని ఆమెగాని జరిగినచో మరల తాకవలెను.

అంతకు ముందే కటకమును మెత్తని నూలుగుడ్డతో తుడువుడు. వంటయింటి చేతులతో పట్టుకొను ఫోనుకు జిడ్డంటక మానదు; అది మరచి ఫోనును నిందించువారే మనలో నెక్కువ.

రెండవ కారణము కదలిక. దీపావళి దినములలో నెమలియీకల కిరీటములు ధరించి గుస్సాడీ నర్తకులు ఆడుచుండగా మునిమాపున తీసిన పటము చెదరిపోవును. వెలుతురు చాలనపుడు కెమెరా తన కన్నును ఎక్కువసేపు తెరచియుంచును. ఆలోపల ముఖము కదలినచో చారయై పడును. కూర్చున్నవారికి సెకనులో 125వ వంతు చాలును. ఆటకు 500వ వంతైనను కావలెను. అందుకు పగటి వెలుగే శరణ్యము. లేనిచో నర్తకుడు మలుపు తిరుగుచు క్షణము నిలిచినపుడు మీట నొక్కుడు.

అవ్వను చీకటి గదిలో గాక వాకిటి నీడన కూర్చుండబెట్టుడు. మీ మోచేతులను ప్రక్కల కానించి, ఊపిరి బిగబట్టుడు. వ్రేళ్ళతో తెరను సాగదీయుటకంటె రెండడుగులు ముందుకు నడచుట మేలు. ఆమె లేచిపోకమునుపే పటమును పెద్దది చేసి కనుపాపను పరిశీలింపుడు. మసకగా నున్నచో "అవ్వా, ఇంకొక్కసారి" యని యడుగుటకు సంకోచింపకుడు.