తొంభై రాత్రులు

రాత్రి ఒంటిగంట దాటింది. ఇల్లంతా నిద్రపోయాక ఓ కుర్రాడు బాత్‌రూమ్ తలుపు గడియపెట్టుకుని అద్దం ముందు నిలబడ్డాడు. సెల్‌ఫోన్ టార్చి వేసి నాలుక చూసుకుంటున్నాడు. తెల్లగా ఉందా? నిన్నటికన్నా ఎక్కువుందా? దవడ కింద వేళ్లతో తడుముకుంటే చిన్న బిళ్లలాంటిది చేతికి తగిలింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ మళ్లీ నొక్కాడు. అన్నిసార్లు నొక్కితే ఎవరికైనా అక్కడ నొప్పి పుడుతుంది. ఆ నొప్పినే రుజువుగా తీసుకుని తెల్లవార్లూ మేలుకున్నాడు. మూడు వారాల కిందట ఊరు కాని ఊళ్లో, కండోమ్ లేకుండా గడిచిన ఒక్క రాత్రి అతణ్ని ఇలా అద్దం ముందు నిలబెట్టింది.

ఇలాంటి రాత్రులు గడిపేవాళ్లు మన మధ్య చాలామందే ఉంటారు. పక్కగదిలో పడుకున్న అన్నకు, ఒకే కంచంలో తిన్న స్నేహితుడికి కూడా తెలియదు. జ్వరమొస్తే అమ్మ నుదురు తాకి చూస్తుంది. ఈ భయానికి నుదురు తాకేవాళ్లు లేరు.

ఇరవై ఏళ్ల కిందట ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎక్కడ చూసినా ‘పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?’ అన్న అవగాహన ప్రచారపు ప్రశ్నే. ఆ పులిరాజా ఎవరో తెలియకపోయినా, ఎయిడ్స్ అన్న మాట పెద్దల ముందు నోటికి రాని ఇళ్లలోకీ ఆ ప్రశ్న వెళ్లింది. అది చేయాల్సిన మేలు చేసింది. అదే ప్రశ్న ‘నాకు వస్తుందా?’ అని గుండెలో పడ్డప్పుడు ఎవరి దగ్గరికి వెళ్లాలో మాత్రం మనం పిల్లలకు సరిగా చెప్పలేదు.

జవాబు నిజానికి ఉంది. ఎయిడ్స్‌కు కారణమయ్యే హెచ్ఐవీ ఉండి, మందులు వాడని మనిషితో కండోమ్ లేకుండా ఒకసారి కలిస్తే, మామూలు స్త్రీపురుష సంయోగంలో అది సోకే అవకాశం పదివేలకు 4 నుంచి 8 అని వైద్యుల అంచనా. మలద్వార సంభోగంలో ముప్పు దానికి ఎన్నో రెట్లు. ముద్దుతో, కౌగిలితో, ఎంగిలి గ్లాసుతో అంటదు. ఈ లెక్క విని పరీక్ష మానేయకూడదు, తెల్లవార్లూ కుమిలిపోనూ కూడదు. అయినా లెక్కలు తెలిసినవాడికి సైతం నిద్ర ఎందుకు పట్టదు? పైకి వైరస్ గురించి అడుగుతున్నట్టుంటుంది గానీ, లోపల అడిగేది వేరు. ‘నేను చేసిన పనికి శిక్ష పడుతుందా?’ అన్నది ఆ ప్రశ్న. దానికి రక్తపరీక్ష జవాబు చెప్పలేదు. హెచ్ఐవీ ఒక వైరస్. అది తప్పొప్పులు ఎంచదు. ఈ రెండు ప్రశ్నలనూ విడదీసుకోగలిగిన రోజున సగం బరువు దిగుతుంది.

గడియారం చూడాల్సిన సమయం ఒకటుంది. జరిగి 72 గంటలు దాటకపోతే వెంటనే డాక్టరు దగ్గరికో, హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రానికో వెళ్లి అడగాలి. అవసరమని తేలితే వైరస్ సోకకుండా చూసే మాత్రలు 28 రోజులకు ఇస్తారు. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. రేపు చూద్దాంలే అని సిగ్గుతో ఆగిపోవడం వల్ల చేజారేది ఈ గంటలే.

ఆ గడువు దాటాక చూడాల్సింది క్యాలెండరు. ప్రభుత్వాసుపత్రుల్లో ఐసీటీసీ అన్న బోర్డుండే గది ఒకటుంటుంది. అక్కడ పరీక్షకు డబ్బు తీసుకోరు. రక్తం తీసే ముందు కౌన్సెలర్ కూర్చోబెట్టి మాట్లాడతారు. కుర్రాడు కుర్చీ అంచున కూర్చుని, ‘నాకు రాదు కదా మేడమ్?’ అంటాడు. ‘ఎప్పుడు జరిగింది బాబూ?’ అని ఆమె గోడ క్యాలెండరు వైపు తిరుగుతుంది. నిన్నమొన్నటి కలయిక ఇవాళ్టి పరీక్షలో కనబడదు. ల్యాబులో చేసే నాలుగో తరం పరీక్షయితే 45 రోజులకు, వేగంగా ఫలితమిచ్చే కిట్లతోనైతే 90 రోజులకు ఖాయంగా చెప్పొచ్చు. మన అనుమతి లేకుండా పరీక్ష చేయకూడదనీ, ఫలితం బయటపెట్టకూడదనీ 2017 నాటి చట్టం చెబుతోంది. గుమ్మం దాకా వెళ్లడానికే కాళ్లు రాకపోతే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

కష్టమల్లా పరీక్ష దాకా ఆగాల్సిన రోజులది. చెమటలు, విరేచనాలు, నోరెండిపోవడం, బరువు తగ్గడం భయం ఒక్కటే తెచ్చిపెట్టగలదు. హెచ్ఐవీ సోకిన తొలివారాల్లో వచ్చే జ్వరం, గొంతునొప్పి, దద్దుర్లు చాలా వైరల్ జ్వరాల్లోనూ వస్తాయి. కాబట్టి ఒంటిని వెతికితే నిజం దొరకదు. అద్దం ముందు నిలబడ్డ ప్రతిసారీ భయానికి ఇంకో ముద్ద పెట్టినట్టే. తేదీ రాసుకుని, పగలు ఒళ్లు అలిసేలా పనిచేసి, నమ్మకమైన ఒక్కరికి చెప్పుకుంటే ఆ రోజులు కదులుతాయి. పెళ్లయినవాళ్లు ఫలితం తేలేదాకా కండోమ్ వాడాలి. ఇది భార్య ప్రాణానికి సంబంధించిన విషయం, సిగ్గుపడి దాటవేయడానికి వీల్లేదు. బతకడం దండగ అనిపించే దాకా వస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఆ క్షణానే ఫోన్ చేయాలి. తప్పు చేసినవాణ్ని కాక భయపడ్డవాణ్ని చూసే మనుషులు అటువైపు ఉంటారు.

ఇంత భయపెడుతున్న జబ్బు కూడా ఇప్పుడు పాతరోజుల్లోలా లేదు. 1986లో మద్రాసులో మన దేశపు తొలి కేసులు బయటపడినప్పుడు డాక్టర్ల చేతిలో మందు లేదు. 2004 నుంచి ప్రభుత్వం మందులు ఉచితంగా ఇస్తోంది. రోజూ మాత్ర వేసుకుంటూ ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, పిల్లల పెళ్లిళ్లు చేసినవాళ్లు మన వీధుల్లోనే ఉన్నారు. మందులతో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గి, అలాగే ఉన్నవారి నుంచి లైంగికంగా ఇతరులకు సోకదు కూడా. మన కుర్రాడు పీడకలగా ఊహించుకుంటున్న బతుకును వాళ్లు బతుకుతున్నారు. అతని భయం తీర్చడానికి వాళ్లను దిష్టిబొమ్మల్లా చూపడం న్యాయం కాదు.

తొంభై రోజులు నిండాక అతను మళ్లీ ఆ గదికి వెళ్తాడు. చీటీ మీద ‘నెగెటివ్’ అని చదువుకుంటాడు. వెనక్కి తిప్పి చూస్తాడు. మళ్లీ చదువుతాడు. చెయ్యి తనకు తెలియకుండానే దవడ కిందికి పోతుంది.

‘ఇంకోసారి చేయించుకోనా మేడమ్?’

‘అక్కర్లేదు బాబూ. ముందా చెయ్యి కిందికి దించు. పొద్దున్నుంచి ఏమైనా తిన్నావా?’