అడగలేని ఆరు వారాలు

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా ఏ ఊళ్లో చూసినా కడుపు పోయిన ఆడమనిషి నాలుగు రోజులు తిరక్కముందే మళ్లీ చాట ముందేసుకొని బీడీలకు కూర్చుంటుంది. కార్ఖానాలో "ఏమాయె, కనిపిస్తలేవు?" అని అడిగితే "పానం బాగలేకుండె" అంటుంది. మాట అక్కడితో అయిపోతుంది. ఆకు, తంబాకు తూచి ఇచ్చేదీ, కట్టలు లెక్కబెట్టుకునేదీ ఎక్కువగా మగవాళ్లు. వాళ్ల ముందు ఇంకేం చెప్పగలదు?

ఆమెకు 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం జీతంతో కూడిన ఆరు వారాల సెలవు రాసిపెట్టింది. గర్భం నిలిచిన 26 వారాల లోపు ఎప్పుడు పోయినా ఇది వర్తిస్తుంది. ఆ ఆరు వారాలూ తెలిసి తెలిసి ఆమెతో పని చేయించకూడదని యజమానిని కట్టడి కూడా చేసింది. 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఈ హక్కును ఇంట్లో కూర్చుని చుట్టేవాళ్లకూ ఇచ్చింది. గర్భస్రావం తర్వాత జబ్బు చేస్తే ఇచ్చే అదనపు నెల సెలవును మాత్రం ఇంటి కార్మికులకు లేకుండా చేసింది. కార్ఖానాలో కూర్చున్నా ఇంట్లో కూర్చున్నా ఒంటికి తగిలే దెబ్బ ఒక్కటే కదా, ఈ తేడా ఎందుకు పెట్టారో నాకు ఎంత ఆలోచించినా అంతుపట్టదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆరు వారాలు ఉన్నాయి. ఇన్నేళ్లుగా ఉన్న ఈ హక్కు సంగతి బీడీలు చేసే ఇళ్లలో ఎందరికి తెలుసు?

తెలిసినా అడగలేరు. సెలవుకు రుజువు కావాలంటుంది చట్టం. రుజువు చూపాలంటే ముందు విషయం చెప్పాలి. మన దగ్గర మూడు నెలలు నిండేదాకా కడుపు సంగతి బయటపెట్టరు, దిష్టి తగులుతుందని భయం. ఎక్కువ గర్భాలు పోయేది సరిగ్గా ఆ మూడు నెలల్లోనే. ఉందని ఎవరికీ చెప్పనిదాన్ని పోయిందని ఏ నోటితో చెప్పడం? చెబితే వచ్చే మాటలు వేరు. బండెక్కావా, బొప్పాయి తిన్నావా, బరువెత్తావా అని నలుగురూ ఆమెనే నిలదీస్తారు. ప్రపంచంలో ఏటా 2.3 కోట్ల గర్భస్రావాలు జరుగుతున్నాయనీ, మొత్తం గర్భాల్లో అవి దాదాపు 15 శాతమనీ 2021లో లాన్సెట్ వైద్య పత్రిక లెక్కగట్టింది. తొలి నెలల్లో పోయేవాటిలో చాలామటుకు పిండంలోని క్రోమోజోముల లోపం వల్లే పోతాయి. వాటిని ఏ తల్లీ ఆపలేదు.

బీడీ పని చూసినవాళ్లకు ఆ ఆరు వారాల విలువ తెలుస్తుంది. తునికాకును తడిపి గోనెసంచిలో చుట్టి పెట్టాలి. మెత్తబడ్డాక రేకు పెట్టి కత్తెరతో కోయాలి. ఒళ్లో చాట పెట్టుకొని, నడుము వంచి, ఒక్కో ఆకులో చిటికెడు తంబాకు వేసి చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. కూలి వెయ్యి బీడీల లెక్కన. ఒకవైపు రక్తం పోతూ, నడుము లాగేస్తుంటే ఆ ఘాటులో పొద్దంతా కూర్చోవడం ఎవరి తరం? చేతకానప్పుడు అత్తో ఆడబిడ్డో ఆమె పేర చేసి ఇస్తారు. పుస్తకంలో ఆ రోజులూ నిండిపోతాయి. ప్రేమతో చేసిన సాయమే అది. కానీ ఆమె పని మానిందన్న దాఖలా కూడా దాంతోపాటే మాయమవుతుంది.

ఈ వైపు భర్తలు చాలామంది గల్ఫ్‌లో ఉంటారు. రెండు నెలల చుట్టీకి వచ్చిపోయాక నిలిచిన కడుపు పోతే, ఆ కబురు ఫోన్లో విని మర్నాడు పొద్దున్నే డ్యూటీకి పోతాడు. న్యూజిలాండ్ 2021లో గర్భం పోయిన తల్లితోపాటు ఆమె జీవిత భాగస్వామికీ మూడు రోజుల జీతంతో సెలవు ఇస్తూ చట్టం చేసింది. మూడు రోజులు ఏ మూలకూ చాలవు, నిజమే. దుఃఖం తండ్రిది కూడా అని ఒక ప్రభుత్వం ఒప్పుకుంది, అది నాకు పెద్ద మాట. మన కేంద్ర ప్రభుత్వమూ 2022 సెప్టెంబరులో, బిడ్డ చనిపోయి పుట్టినా పుట్టగానే పోయినా తన మహిళా ఉద్యోగులకు 60 రోజుల ప్రత్యేక సెలవు ఇచ్చింది. తల్లి మనసుకు తగిలే దెబ్బను ఆ ఉత్తర్వు పట్టించుకుంది. ఆ దెబ్బ ఉద్యోగం స్థాయిని చూసి తగలదు.

రుజువు మోసుకుతిరిగే పని ఆమె నెత్తిన పెట్టకుండానే ఈ సెలవు ఇవ్వొచ్చు. ఊళ్లో ఆశా కార్యకర్త, ఏఎన్ఎం గర్భిణుల పేర్లు రాసుకుంటారు. కడుపు పోతే అదీ వాళ్లకు తెలుస్తుంది. బీడీ కార్మికురాలికి పీఎఫ్ నంబరు ఉంటుంది. ఈ రాష్ట్రం బీడీ కార్మికులకు నెలకు 2,016 రూపాయల పింఛను ఇస్తున్నది ఆ పీఎఫ్ ఖాతాను చూసే. పింఛనుకు పనికొచ్చిన నంబరు దీనికెందుకు పనికిరాదు? పీహెచ్‌సీ డాక్టరు చీటీలో "చట్ట ప్రకారం ఆరు వారాల వైద్య సెలవు" అని రాస్తే చాలు, కారణం కార్ఖానాకు తెలియనక్కర్లేదు. కంపెనీ కట్టాల్సిన సొమ్మును కార్మిక శాఖ వసూలు చేసి ఆమె బ్యాంకు ఖాతాలో వేయాలి. కామారెడ్డి బట్టల షాపుల్లో పొద్దంతా నిలబడే అమ్మాయిల సంగతి ఇంకో చిక్కు. పది మంది కంటే తక్కువ ఉన్న దుకాణాలకు చట్టమే వర్తించదు. ఈఎస్ఐ ఉన్నచోట 42 రోజుల భృతి వస్తుంది, ఆ మాట వాళ్లకు యజమానే చెప్పాలి. తిరిగి పనికి వచ్చిన రోజు ఏమైందని ఆరా తీయకుండా, కూర్చుని చేసుకునే పని ఇవ్వడానికి ఏ చట్టమూ అక్కర్లేదు.

లింగంపేటలోనో గాంధారిలోనో ఒక్క పీహెచ్‌సీ పరిధిలో ఏడాది పాటు చేసి చూడమని జిల్లా కలెక్టరును, కార్మిక శాఖను అడుగుతున్నాను. యూనియన్లు ఈసారి కూలి ఒప్పందానికి కూర్చున్నప్పుడు వెయ్యి బీడీల రేటు పక్కనే ఈ డిమాండునూ రాసుకొని పోవాలి.