చరిత్ర చర్చలకు మధ్యస్థుడు

పలమనేరునకు ఆనుకొనియున్న గంగవరము మొదలుకొని పుంగనూరు, మదనపల్లె, కుప్పముల వఱకు గల సీమలో చెరువుకట్టలమీదను, గుడి ప్రాంగణములలోను, ఊరి పొలిమేరలలోను వీరగల్లులు కనిపించుట సామాన్యము. పసులమందను తోలుకొనిపోవు శత్రువుల నెదిరించి ప్రాణములు విడిచిన బంట్ల జ్ఞాపకార్థము నిలిపిన రాళ్లు వీనిలో అనేకము కలవు. కొన్నింటికి జనులు నేటికిని పసుపు కుంకుమలు పెట్టి మ్రొక్కుచున్నారు. క్రీ. శ. 9, 10 శతాబ్దులలో బాణులు, వైదుంబులు, నొళంబులు ఈ సీమకై పెనగులాడిరి. పుంగనూరు ప్రాంతపు శాసనములలో సోరెమడి యుద్ధము పేరు మరల మరల వినవచ్చును.

ఈ రాళ్లను గూర్చి నేడొక క్రొత్త ఆసక్తి బయలుదేరినది. పూర్వము ప్రభుత్వ శాసన శాఖవారు వచ్చి కాగితముమీద ముద్ర తీసికొనిపోవువఱకు రాతి సంగతి ఊరు దాటెడిది కాదు. ఇప్పుడు మేకలు కాయు పిల్లవాని చేతను ఫోను కలదు. అతడు తీసిన చిత్రము అరగంటలో నూరుమంది చరిత్రాభిమానుల కన్నుల బడుచున్నది. ఇది మేలే. కాని చిత్రము వెంటనే తగవును బయలుదేరును. ఒకరు లిపి తెలుగనెదరు, మఱియొకరు కన్నడమనెదరు. మూడవవారు తమ కులపు రాజు వేయించిన శాసనమనెదరు. నాల్గవవారు ఏ ఆధారమును చూపకయే రెండువేల యేండ్ల నాటిదని తేల్చెదరు. ఇట్టి కూటములలో నలుగురును తీర్పు అడుగునది తఱచు బడిపంతులునే. ఆయన మాట మఱునాడు విద్యార్థి నోటుపుస్తకములోనికి ఎక్కును గనుక ఆ మధ్యస్థత సామాన్యమైన బాధ్యత కాదు.

వాదులాడువారిని సముదాయించుటయే తన పనియని మధ్యస్థుడు తలచినచో చిక్కు తీరదు. ఆయన చూడవలసినది మనుష్యులను కాదు, మాటకు వెనుకనున్న ఆధారమును. పై తగవునే తీసికొందము. తొలినాళ్ల శాసనములలో తెలుగు కన్నడములకు లిపి యొక్కటియే. కావున అక్షరముల ఆకారము జూచి భాషను నిర్ణయింపబూనుట వ్యర్థము. విభక్తులను, క్రియలను చదివి తేల్చుకొనవలెను. కుప్పము వైపున తమిళ శాసనములును కలవు. ఊరివారు నేడు మాటాడు భాష రాతి భాషకు సాక్ష్యము కానేరదు. కాలనిర్ణయమును అట్టిదే. రేనాటి చోడుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుని కలమళ్ల శాసనము క్రీ. శ. 575 ప్రాంతమునాటిదని పిల్లలు వల్లించుచున్నారు. రాతిమీద ఆ సంవత్సరము లేదు. లిపి ఆకారమునుబట్టి పండితులు వేసిన అంచనా యది. అంచనా మంచిదే కావచ్చును. కాని అంచనా యని చెప్పక చెప్పినచో అది మఱొక వస్తువగును.

శాసనములను ప్రకటించు పండితులకు ఈ విషయమున ఒక చక్కని ఆచారము కలదు. స్పష్టముగా కనిపించు అక్షరములను ఉన్నవున్నట్లు అచ్చువేసి, అరిగిపోయి ఊహించి చదివిన అక్షరమును కుండలీకరణములలో ఉంచెదరు. చదివినవానికి ఏది రాయి చెప్పినదో, ఏది పండితుడు చెప్పినదో తెలిసిపోవును. చరిత్రచర్చలకెల్ల ఈ కుండలీకరణములే కావలసియున్నవి.

ఈ సీమలోనే మఱియొక తగవు చూడదగినది. మదనపల్లె వారికి జాతీయగీతముతో సంబంధము గర్వకారణము. ఆ గర్వము న్యాయమైనదే. రవీంద్రనాథ ఠాకూరు 1919 ఫిబ్రవరిలో అచటి దివ్యజ్ఞాన కళాశాలకు వచ్చెను. ఐర్లండు దేశపు కవియైన జేమ్స్ కజిన్స్ అప్పుడు ప్రిన్సిపాలు. ఠాకూరు అక్కడ జనగణమన పాడెను. ఆ కళాశాలలోనే దానిని ఆంగ్లములోనికి అనువదించెను. జేమ్స్ భార్యయు సంగీతవేత్రియు నైన మార్గరెట్ కజిన్స్ ఆ పాటకు పాశ్చాత్య పద్ధతిలో స్వరలిపి కూర్చెనని ప్రసిద్ధి. ఇంతవఱకు బాగుగనే యున్నది. ఐతే సభలలో ఈ మాట పెరిగి పెరిగి, జాతీయగీతము మదనపల్లెలోనే పుట్టినదను వఱకు వచ్చుచున్నది. దీనిని విన్న పరఊరివారు మొత్తము కథయే కల్లయని కొట్టివేసెదరు. రెండు పక్షములును తప్పే.

మధ్యస్థుడు చేయవలసినది ఆ మాటను ముక్కలుగా విడదీయుట. పాట వ్రాయబడినది, పాడబడినది ఎప్పుడు? 1911 డిసెంబరు 27వ తేదీన కలకత్తా కాంగ్రెసు సభలోనే పాడబడినది. కావున పుట్టుక మదనపల్లెది కాదు. ఆంగ్లానువాదము? అది మదనపల్లెదే. బాణీ? 1911లో పాడిన పాటకు ఏదో యొక బాణీ ఉండియే తీరవలెను. నేటి బాణీ మదనపల్లెలో స్థిరపడినదా యనునది వేఱు ప్రశ్న. పాత స్వరలిపులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినగాని దానికి జవాబు రాదు. జాతీయగీతముగా అంగీకారము? అది 1950 జనవరి 24న రాజ్యాంగ సభలో జరిగినది. నాలుగు ముక్కలకు నాలుగు జవాబులు. వీనిలో ఊరికి దక్కినది కొంచెమేమియు కాదు.

ఇదే పాట అయిదవ జార్జిని పొగడుటకు వ్రాసినదను అపవాదును ఇట్లే పుట్టినది. ఆనాటి సభలో రాజదంపతులను స్వాగతించు హిందీ పాట వేఱొకటి పాడబడగా, కొన్ని ఆంగ్ల పత్రికలు రెంటిని కలగాపులగము చేసి ప్రకటించినవి. 1937లో ఠాకూరు స్వయముగా ఒక లేఖలో దీనిని ఖండించెను. ఐనను ఆ మాట చావలేదు. ప్రపంచ జాతీయగీతములలో ఇదియే ఉత్తమమని యునెస్కో ప్రకటించినదను పుకారు దీనికి సరిగా ఎదుటి కొస. యునెస్కో అట్టి ప్రకటన ఏదియు చేయలేదు. నింద యైనందున ఒకదానిని త్రోసివేసి, పొగడ్త యైనందున రెండవదానిని ఉండనిచ్చు మధ్యస్థుడు మధ్యస్థుడు కాడు. నిజము చెప్పవలెనన్న పొగడ్తను త్రోసివేయుటయే కష్టము. చప్పట్లు కొట్టుచున్న సభను ఆపవలెను గదా!

కొన్ని తగవులు కేవలము చూడవలసిన పుస్తకమును చూడకపోవుటవలన వచ్చునవి. చిత్తూరు జిల్లా ఏర్పడినది 1911లో. అంతకు ముందు పలమనేరు ప్రాంతము ఉత్తర ఆర్కాడులోను, మదనపల్లె కడప జిల్లాలోను ఉండెడివి. 1882లో రాబర్టు స్యూయెలు ప్రకటించిన ప్రాచీనావశేషముల పట్టికలో చిత్తూరు జిల్లా కొఱకు వెదకి, తమ ఊరి పేరు లేదని ఆగ్రహించువారికి ఈ యొక్క సంగతి చెప్పిన చాలును.

ఇక చర్చలో మాటాడుటకు ఎవరికి అర్హత గలదనునది అన్నిటికన్న చిక్కైన విషయము. విశ్వవిద్యాలయ పట్టము లేనివారిని నోరు మూయించిన గొడవ యుండదని కొందఱి యభిప్రాయము. తెలుగునాట చరిత్ర రచన ఆ దారిని పెరుగలేదు. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి విజ్ఞాన చంద్రికా మండలి 1910లో ఆంధ్రుల చరిత్రము మొదటి భాగమును ప్రకటించినప్పుడు దాని గ్రంథకర్త చిలుకూరి వీరభద్రరావుగారు ఆచార్యుడు కాడు. రెడ్డి రాజ్యముల చరిత్రకు ప్రామాణిక గ్రంథము వ్రాసిన మల్లంపల్లి సోమశేఖరశర్మగారు కళాశాల పట్టము లేకయే ఆంధ్ర విశ్వవిద్యాలయమున బోధించిరి. వీరభద్రరావుగారి నిర్ణయములలో కొన్నింటిని తరువాత దొరికిన శాసనములు మార్చివేసినవి. అది ఆయనకు అవమానము కాలేదు.

చెఱువుకట్ట మీది రాయిని మొదట చూచునది పట్టభద్రుడు కాడు, అక్కడి కాపు. అతడు తాత చెప్పిన కథను చెప్పును. ఆ కథను శాసనమనరాదు, పనికిమాలినదనియు అనరాదు. మెకంజీ దొర కొఱకు కావలి బొఱ్ఱయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూర వృత్తాంతములు సేకరించినప్పుడు పుక్కిటి పురాణములును వానిలో చేరినవి. నేడు ఆ కైఫీయతులలోని ఇనాముల లెక్కలు చరిత్రకారునకు ఎంత విలువైనవో, ఆ కథలును అంత విలువైనవి, వేఱు పనికి. ఒకసారి పదిమందిలో పరిహాసమునకు గుఱియైన కాపు రెండవ రాతిని ఎవరికిని చూపడు. గుడికి మెట్టు కావలసినప్పుడు ఆ రాయి మెట్టగును. దొరికిన రాతికి భక్తితో రంగు పూసి, సిమెంటు అరుగు కట్టి అడుగు పంక్తులను కప్పివేయుటయు జరుగుచున్నది. ఇట్టిచోట కఠినముగా ఒక మాట అనవలసినదే.

తీర్పు చెప్పిన పంతులుకు బదిలీ వచ్చును. ఏ రాతిని ఎవరు చూపిరి, ఏ పంక్తి ఎంతవఱకు చదువబడినది, ఏ మాటను ఏ కారణమున త్రోసివేసిరి అనునవి ఆయన వెంటనే వెడలిపోవును. తరువాతి పంతులు ఎదుట అదే తగవు మొదటినుండి ప్రారంభమగును. బడిలో హాజరుపట్టీ ప్రక్కన ఒక రెండువందల పుటల పుస్తకము పెట్టి, ఎడమ పుటలో రాతిమీద కనిపించినదానిని, కుడి పుటలో ఊరివారు చెప్పినదానిని తేదీతో వ్రాయించుటకు మిక్కిలి ఖర్చు కాదు. ఎనిమిదవ తరగతి పిల్లలు ఆ పని చేయగలరు.