పాటకు రూపం కట్టిన మనిషి

పిల్లలూ! పాటను చెవితో వింటాం. మరి కంటితో చూడటం ఎలాగ?

"అదేముంది మాస్టారూ! టీవీలోనూ ఫోనులోనూ రోజూ చూస్తూనే ఉన్నాం" అంటారు మీరు. నిజమే. కాని అక్కడ సాధారణంగా కనిపించేది పాట కాదు, పాట పాడేవాళ్లు. వాళ్లు తోటలో నిలబడి పాడినా, మేడ మీద నిలబడి పాడినా పాటలో మార్పేమీ ఉండదు. అలా కాక, పాటనే కంటికి చూపించాలని పట్టుబట్టిన ఒకాయన ఫ్రాన్సు దేశంలో ఉన్నాడు. ఆయన పేరు మిషెల్ గోండ్రీ. ఒక్కొక్క పాటకు తీసే చిన్న సినిమాను మ్యూజిక్ వీడియో అంటారు. అది మూడు నాలుగు నిమిషాలు ఉంటుంది, అంతే. అలాంటివి గోండ్రీ పదుల కొద్దీ తీశాడు.

ఆయన 1963లో, పారిస్ నగరానికి దగ్గరగా ఉన్న వెర్సాయ్ పట్టణంలో పుట్టాడు. ఆయన తాతగారు కాన్‌స్టంట్ మార్టిన్ పేరు మీరు విని ఉండరు గాని, ఆయన చేసిన వాద్యాన్ని మీ తాతయ్యలు తప్పక విని ఉంటారు. 1947లో మార్టిన్ "క్లావియోలిన్" అనే చిన్న విద్యుత్ వాద్యాన్ని తయారుచేశాడు. దానికి హార్మనీ పెట్టెలాగా మెట్లుంటాయి, కాని లోపల గాలి తిత్తి ఉండదు. విద్యుత్తే స్వరం పలికిస్తుంది. 1954లో వచ్చిన "నాగిన్" అనే హిందీ సినిమాలో పాములవాడి నాగస్వరం దేశమంతా మారుమోగింది. ఆ ధ్వని కోసం కల్యాణ్‌జీ వాయించినది ఈ క్లావియోలినే! వెర్సాయ్‌లో పుట్టిన వాద్యం మన దేశానికి వచ్చి పామును ఆడించిందన్నమాట.

గోండ్రీ చిత్రలేఖనం నేర్చుకున్నాడు. 1980ల్లో స్నేహితులతో కలిసి "ఉయ్ ఉయ్" అనే సంగీత బృందం పెట్టాడు. ఫ్రెంచి భాషలో ఆ మాటకు "అవును, అవును" అని అర్థం. అందులో ఆయన పని డ్రమ్ములు వాయించటం. తమ పాటలకు వీడియోలు కూడా తనే తీసేవాడు. వాటిలో ఒకదాన్ని ఐస్‌లాండ్ దేశపు గాయని బ్యోర్క్ చూసింది. తన పాటకు కూడా బొమ్మలు తీసిపెట్టమని అడిగింది. 1993లో మొదలైన ఆ స్నేహం వల్ల 2011 నాటికి ఆమె పాటలు ఎనిమిదింటికి ఆయన వీడియోలు తీశాడు.

డ్రమ్ము వాయించేవాడికి లెక్క ముఖ్యం. దెబ్బ ఎక్కడ పడాలి, ఎన్ని దెబ్బల తరవాత పాట మలుపు తిరుగుతుంది, ఇది వేళ్ల చివర ఉండాలి. గోండ్రీ కెమెరా పట్టుకున్నా ఆ లెక్క మానలేదు.

1997లో డాఫ్ట్ పంక్ అనే ఇద్దరు సంగీతకారుల పాటకు ఆయన ఏం చేశాడో చూడండి. ఆ పాటలో వినిపించే ధ్వనులను అయిదుగా విడదీశాడు. ఒక్కొక్క ధ్వనికి ఒక్కొక్క జట్టును ఏర్పాటు చేశాడు. పాడే గొంతుకు మరమనుషులు, డ్రమ్ములకు గుడ్డపీలికలు చుట్టుకున్న మమ్మీలు, గిటారుకు అస్థిపంజరాలు! మంద్రంగా మోగే బేస్ గిటారుకు పొడుగాటి ఆటగాళ్లు. స్వరం పైకి పోతే ఆటగాళ్లు మెట్లెక్కుతారు, కిందికి వస్తే దిగుతారు. మీ పాటల టీచరు చెప్పే ఆరోహణ, అవరోహణలు కంటికే కనిపిస్తాయి. ఏ వాద్యం ఎప్పుడు మోగుతున్నదో చెవిటివాడు కూడా చెప్పగలడు.

2002లో కెమికల్ బ్రదర్స్ అనే వారి పాటకు తీసినది ఇంకా చిత్రమైనది. అందులో మనుషుల ఆటపాటలు లేవు. రైలు కిటికీలోంచి కనిపించే దృశ్యమే ఉంది. మొదట అది మామూలు ప్రయాణంలాగానే ఉంటుంది. కాసేపటికి సంగతి బోధపడుతుంది: ఒక దెబ్బకు ఒక స్తంభం, ఇంకొక ధ్వనికి ఒక ఇల్లు, మరొక ధ్వనికి ఒక వంతెన, తాళం తప్పకుండా వచ్చి పోతున్నాయి! ఫ్రాన్సులో నీమ్, వలాన్స్ పట్టణాల మధ్య రైలులో పోతూ తీసిన దృశ్యాలను కంప్యూటరుతో అలా కూర్చారు. ఇంత పెద్ద పనికి గోండ్రీ ముందుగా వేసుకున్న పథకం ఎలాంటిదనుకున్నారు? నారింజపళ్లు, గ్లాసులు, పుస్తకాలు నేలమీద వరుసగా పేర్చి, ఏ ధ్వనికి ఏ వస్తువు అని చూసుకున్నాడు. గళ్ల కాగితం మీద లెక్క రాసుకున్నాడు.

అదే సంవత్సరం వైట్ స్ట్రైప్స్ అనే బృందం పాటకు లెగో అనే ప్లాస్టిక్ ఇటుకలతో వీడియో కట్టాడు. ముందు పాడేవాళ్లను ఫిలిం తీసి, దానిలోని ఒక్కొక్క బొమ్మను ఇటుకలతో పేర్చి, ఫోటో తీసి, మళ్లీ విప్పి పేర్చటం. చాలా భాగం ఇలాగే సాగింది. పాట నిడివి 1 నిమిషం 50 సెకన్లు, అంటే 110 సెకన్లు. సినిమాలో సెకనుకు 24 బొమ్మలు కదులుతాయి. ఒక్కొక్క బొమ్మను రెండేసి సార్లు వాడుకుని సెకనుకు 12తో సరిపెట్టుకున్నా ఎన్ని కావాలి? 1,320! లెక్క సరిచూసుకోండి. ఆ వీడియోకు 2002లో ఎం.టి.వి. వారి బహుమతులు మూడు వచ్చాయి.

తరవాత ఆయన పెద్ద సినిమాలు కూడా తీశాడు. 2004లో తీసిన సినిమాకు కథ రాసిన ముగ్గురిలో ఒకడుగా 2005లో ఆస్కారు బహుమతి అందుకున్నాడు. అంతటి పేరు వచ్చాక ఏం చేశాడు? 2011లో పారిస్‌లోని పాంపిడూ కేంద్రంలో ఒక "సినిమా కార్ఖానా" తెరిచాడు. దారిన పోయేవాళ్లు ఎవరైనా పదిమంది కలిసి వచ్చి, కథ అల్లుకుని, అక్కడి సరంజామాతో కొద్ది గంటల్లో సొంత సినిమా తీసుకుని, కూర్చుని చూసుకునే వీలు అప్పుడు ఉండేది. సినిమా గొప్పవాళ్లకే చేతనవుతుందన్న భ్రమ పోగొట్టాలని ఆయన కోరిక.

పెద్దలకు ఒక మాట. పిల్లవాడు గంటల తరబడి దిమ్మలు పేర్చుకుంటూనో, పళ్లెం మీద దరువు వేసుకుంటూనో కూర్చుంటే "పనికిమాలిన ఆట" అని కసరకండి. "ఏం చేస్తున్నావు నాయనా?" అని ఒక్కసారి అడగండి. వాడు లోపల ఏదో లెక్క కడుతూ ఉండవచ్చు.

ఇక పిల్లలూ, ఈ నెల మీకు పని. మీకు నచ్చిన పాట ఒకటి తీసుకోండి. గళ్ల కాగితం మీద వరసకు ఎనిమిదేసి గళ్లు గీయండి. తాళం వేస్తూ వినండి. డప్పు మోగిన గడిలో చింతపిక్క, వేణువు పలికిన గడిలో గవ్వ, గొంతు వినిపించిన గడిలో గులకరాయి పెట్టండి. పాట అయ్యాక కాగితం వంక చూడండి. అంతవరకూ చెవిలోనే ఉన్న పాట కళ్ల ముందు కనిపిస్తుంది. ఏ గళ్లు ఖాళీగా మిగిలాయో కూడా చూడటం మరవకండి. పాటకు మౌనం కూడా అవసరమే!