ఓడకైతే పరిగెడతారు, దోర్నాల గేటుకైతే ఫోన్లు చేయిస్తారు

శ్రీశైలం నుంచి దోర్నాల మీదుగా మార్కాపురం వచ్చే అడవి దారిలో రాత్రి 9 గంటలకి గేటు వేసేస్తారు. మళ్ళీ తీసేది పొద్దున 6 కి. ఇదేమీ రహస్యం కాదు, మా వైపు చిన్నపిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. అయినా సరే, శని ఆదివారాలొస్తే చాలు, 9 దాటాక గేటు ముందు కార్లు ఆగి ఉంటాయి. వాటిలోంచి దిగిన మనవాళ్ళు (అవునండీ, మనవాళ్ళే, మెళ్ళో ఐడీ కార్డు ఒక్కటే తక్కువ) సెల్లు పైకెత్తి సిగ్నల్ కోసం వెతుక్కుంటూ ఉంటారు. దేనికంటారా? ఎమ్మెల్యే గారి పీఏకో, బాబాయికి తెలిసిన పోలీసాయనకో ఫోన్ చేయించడానికి.

మా ఆఫీసులో ఒకాయన ఒంగోల్లో పెళ్ళికి వెళ్తూ, దారిలో మల్లన్న దర్శనం కూడా అయిపోతుందని ఇటువైపు బయల్దేరాడు. క్యూలో ఆలస్యమైంది, గేటు పడింది, రాత్రంతా కార్లోనే. తిరిగొచ్చాక నా మీద పడ్డాడు. "ఏంటి బాసూ మీ ఊళ్ళో ఈ దౌర్జన్యం? పది నిమిషాలు లేటయితే తొమ్మిది గంటలు కూర్చోబెడతారా?" అని. ఈ మహానుభావుడే అమెరికాలో ఆన్‌సైట్లో ఉన్నప్పుడు పెళ్ళాం పిల్లల్తో బహామాస్ ఓడెక్కాడు. నాస్సౌలో దిగి ఊరు చూసి, ఓడ బయల్దేరడానికి రెండు గంటల ముందే వచ్చి లైన్లో నిలబడ్డానని గొప్పగా చెప్పింది కూడా ఆయనే. అక్కడ కెప్టెన్‌కి చెప్పించే బాబాయి లేడు మరి :)

ఓడ ఎంత నిక్కచ్చిగా ఉంటుందో 2024 మార్చిలో లోకమంతా చూసింది. ఆఫ్రికా పక్కన సావో టోమే అనే ద్వీపంలో నార్వేజియన్ డాన్ అనే ఓడ దిగి, సొంతంగా టూరు మాట్లాడుకుని వెళ్ళిన ఎనిమిది మంది గంటకు పైగా ఆలస్యంగా వచ్చారు. ఓడ ఇంకా కళ్ళ ముందే లంగరేసి ఉంది. తీరరక్షక దళం వాళ్ళు పడవలో దాని దాకా తీసుకెళ్ళారు కూడా. అయినా ఎక్కించుకోలేదు. వాళ్ళలో ఒక గర్భిణి, ఒక గుండె జబ్బు మనిషి ఉన్నారు. దేశాలు దాటుకుంటూ పడీ లేచీ చివరికి సెనెగల్లో ఆ ఓడని అందుకున్నారు. నిజం చెప్పాలంటే ఇందులో నాకు ఓడ మీద కొంచెం కోపమే. ఎదురుగా ఉన్న మనుషుల్ని ఎక్కించుకుంటే కొంప మునిగేదా? కానీ మనలో ఎంతమంది ఆ వార్త చదివి "రూలంటే రూలే, డిసిప్లిన్ అంటే అదీ" అని మెచ్చుకున్నారో నాకు గుర్తుంది. వ్యాపారం చేసుకునే ఓడకి అంత మర్యాద ఇచ్చేవాళ్ళు పులులుండే అడవికి ఎందుకివ్వరు?

అసలు ఆ గేటు ఎందుకో చూద్దాం. అది నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం. మూడు వేల చదరపు కిలోమీటర్లు దాటిన అడవి, దేశంలో పులుల కోసం కేటాయించినవాటిలో అతి పెద్దది. చీకటి పడ్డాకే అక్కడ జంతువులు ఎక్కువగా తిరిగేది, రోడ్డు దాటేది. హెడ్‌లైటు కళ్ళలో పడితే దుప్పి కదలకుండా నిలబడిపోతుంది. మన భాషలో చెప్పాలంటే ఆ తొమ్మిది గంటలూ అడవికి మెయింటెనెన్స్ విండో. ప్రొడక్షన్ సర్వర్ మీద ఆ టైములో ఎవడైనా చెయ్యి పెడితే మెయిల్లో సీసీలు పెట్టి మరీ ఉతికేస్తాం కదా!

ఇంకో లెక్క కూడా ఉంది. 9 అనేది అడవిలోకి వదిలే ఆఖరి టైము. 8:55 కి లోపలికెళ్ళిన కారు ఆ యాభై కిలోమీటర్ల ఘాట్ రోడ్డు దాటి దోర్నాల చేరేసరికి పదిన్నర అవుతుంది. అంటే సగం రాత్రి దాకా అడవికి మన హారన్లే. "పది నిమిషాలే కదా" అని ఒకణ్ణి వదిలితే, వాడి వెనకవాడికి కూడా పది నిమిషాలే కదా?

"మీకేం, లోకల్ వాళ్ళ కష్టం మీకు తెలీదు" అనకండి, నేనూ లోకలే. ప్రాణం మీదికొచ్చినవాళ్ళకి, అంబులెన్సుకి గేటు తియ్యాల్సిందే, అందులో రెండో మాట లేదు. లోపల గూడేల్లో చెంచులున్నారు, వాళ్ళ అవసరం వేరు. శివరాత్రికి ఎలాగూ ముందే ప్రకటించి సడలిస్తారు. ఇక హైదరాబాదు నుంచి రాత్రిపూట మార్కాపురం రావాలంటే సాగర్, మాచర్ల, ఎర్రగొండపాలెం దారి ఉండనే ఉంది. నా గొడవ వీటితో కాదు, ఫోనుతో తెరుచుకునే గేటుతో. ఎందుకంటే ఆ ఫోను అందుకునేది గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడ్డ చిరుద్యోగి. తియ్యకపోతే ఫోన్లో ఉన్న పెద్దమనిషి తిడతాడు, తీశాక ఏదైనా జరిగితే పైఅధికారి తిడతాడు. మన దర్శనం ఆలస్యమైనందుకు అతని ఉద్యోగం పణంగా పెట్టడమేం న్యాయం?

బెంగుళూరులో ఉన్నవాళ్ళని అడగండి. బందీపూర్లో 2009 నుంచి ఇదే 9 నుంచి 6 నిషేధం. 2010 లో కర్ణాటక హైకోర్టు కూడా సరేనంది. ఊటీ వెళ్ళేవాళ్ళు దాన్ని లెక్కేసుకునే బయల్దేరతారు. అదే మనవాడు మన జిల్లాకి వచ్చేసరికి "నేనెవరో తెలుసా" అంటాడు.

కాబట్టి ఈసారి వచ్చేవాళ్ళు గుళ్ళోంచి ఆరున్నరకల్లా బయటపడండి. సాక్షి గణపతి, పాలధార పంచధార, శిఖరం అన్నీ తిరుగుదారిలోనే తగుల్తాయి, ఒక్కోచోట అరగంట ఇట్టే పోతుంది, అందుకని వాటిని వెళ్ళేటప్పుడే చూసేసుకోండి. క్యూ ఎంతకీ కదలకపోతే ఆ రాత్రికి శ్రీశైలంలోనో సున్నిపెంటలోనో గది తీసుకుని పడుకోండి. పొద్దున్నే 6 కి బయల్దేరితే టిఫిన్ టైముకి మార్కాపురంలో ఉంటారు.